నవ్వు ఎవరి మీద? పెద్దల కార్టూన్లు, సున్నితమైన విషయాలు, మన పిల్లలు



"మా వాడు చూసేది కార్టూన్లే కదా మేడం, సినిమాలైతే అస్సలు చూడనివ్వం." పేరెంట్స్ మీటింగుల్లో తరచుగా వినిపించే మాట ఇది. బొమ్మల్లో ఉన్నదంతా పిల్లల కోసమే అన్న నమ్మకం ఈ మాట వెనక ఉంది. ఈ నెల మన పాఠం ఆ నమ్మకం గురించే.

బొమ్మలతో తీసినా పూర్తిగా పెద్దవాళ్ళ కోసం తీసిన హాస్య సీరియళ్ళు ప్రపంచంలో చాలా ఉన్నాయి. వలస, జాతి వివక్ష, తాగుడు, మానసిక అనారోగ్యం, కౌమారం, చావు లాంటి విషయాలను అవి నవ్విస్తూనే చర్చిస్తాయి. కొన్నిచోట్ల ఆ పని చాలా బాగా చేశాయి. కొన్నిచోట్ల ఆ నవ్వు ఎవరికో ఒకరికి గట్టిగా తగిలింది. ఈ తేడా తెలిస్తే, మీ అబ్బాయో అమ్మాయో ఫోనులో ముప్పై సెకన్ల క్లిప్పు చూసి నవ్వుతున్నప్పుడు ఏం మాట్లాడాలో మనకు తెలుస్తుంది.

ఇంగ్లిష్ టీచరుగా ఈ విషయం నాకు ఎందుకు ముఖ్యమో కూడా చెప్పాలి. క్లాసులో ఒక పిల్లవాడు లేచి పాఠం చదువుతాడు. 'స్కూల్' అనాల్సిన చోట 'ఇస్కూల్' అంటాడు. వెనక బెంచీ నుంచి ఎవరో అదే మాటను కార్టూన్ గొంతుతో తిరిగి అంటారు. క్లాసంతా నవ్వుతుంది. ఆ పిల్లవాడూ నవ్వేస్తాడు. కానీ మర్నాటి నుంచి చెయ్యెత్తడు. ఇంగ్లిష్ రాక కాదు, నోరు తెరవడానికి భయపడి. మీరు ఫీజు కట్టి నేర్పించాలనుకున్నది అక్కడే ఆగిపోతుంది.

1. బొమ్మలు పిల్లలవేనా?

ఈ ప్రశ్నకు జవాబు మన ఊళ్ళలోనే ఉంది. తోలుబొమ్మలాటలో రామాయణ, భారత కథల మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వస్తారు. మొగుడూ పెళ్ళాల తగాదాలు, ఊళ్ళో పెద్దమనుషుల వేషాలు, కాస్త మోటు సరసం, అన్నీ ఆ బొమ్మల నోటి వెంట వస్తాయి. మనుషులు నిలబడి అనలేని మాటలను బొమ్మలు అనేస్తాయి. పిల్లలు కూడా ఆ గుంపులో కూర్చునే ఉంటారు. కానీ ఆ హాస్యం పుట్టింది వాళ్ళ కోసం కాదు. దినపత్రికలో రోజూ వచ్చే రాజకీయ కార్టూన్ కూడా అంతే. అదీ బొమ్మే, కానీ ఆరో తరగతి పిల్లల కోసం వేసింది కాదు.

అమెరికా టీవీలో ఈ దారి 1960లో మొదలైంది. ఆ ఏడాది ఏబీసీ ఛానల్‌లో 'ది ఫ్లింట్‌స్టోన్స్' రాత్రిపూట, కుటుంబమంతా టీవీ ముందు కూర్చునే సమయంలో వచ్చింది. 1989 డిసెంబరులో ఫాక్స్ ఛానల్‌లో 'ది సింప్సన్స్' మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. 1997లో కామెడీ సెంట్రల్‌లో 'సౌత్ పార్క్' వచ్చింది. ఓటీటీలు వచ్చాక 2014లో 'బోజాక్ హార్స్‌మన్', 2017లో 'బిగ్ మౌత్' నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాయి. ఇవన్నీ ఒకే రకం కావు. 'సింప్సన్స్' చాలావరకు ఇంటిల్లిపాదీ చూసే తీరులో ఉంటుంది. 'సౌత్ పార్క్', 'బోజాక్', 'బిగ్ మౌత్' మాత్రం అక్కడి రేటింగులో టీవీ-ఎంఏ, అంటే పెద్దవాళ్ళకు మాత్రమే.

ఇక్కడ మోసపోయే అవకాశం ఎక్కువ. 'సౌత్ పార్క్' ముఖ్యపాత్రలు ప్రైమరీ స్కూలు పిల్లలు. కాగితం ముక్కలు కత్తిరించి అతికించినట్టు గుండ్రటి తలలు, రంగురంగుల టోపీలు. పక్క గదిలోంచి తొంగి చూసిన అమ్మకు అది నర్సరీ రైమ్స్‌లా కనిపిస్తుంది. వాళ్ళ నోటి వెంట వచ్చే మాటలు వింటే తప్ప సంగతి తెలియదు.

2. సున్నితమైన విషయాలకు బొమ్మలే ఎందుకు?

మూడు కారణాలు చెప్పుకోవచ్చు.

మొదటిది, దూరం. పంచతంత్రంలో నక్క, సింహం మాట్లాడుతుంటే రాజుకు కోపం రాదు, కానీ విషయం చేరుతుంది. తాగుబోతు తండ్రిని మనిషిగా చూపిస్తే మనసు ముడుచుకుంటుంది. గుర్రం తలతో చూపిస్తే ముందు నవ్వుతాం, ఆ తర్వాత ఆలోచిస్తాం.

రెండోది, లోపలిది బయటికి చూపించగలగడం. మనసులో తిరిగే గొంతు, మతిమరుపులో చెరిగిపోయే ముఖాలు, భయం లాంటివి కెమెరాకు దొరకవు. గీతకు దొరుకుతాయి. 'బిగ్ మౌత్'లో పిల్లల ఆందోళనను దోమల గుంపుగా, దిగులును మీద పడుకుని లేవనివ్వని పెద్ద పిల్లిగా చూపించారు. 'దిగులుగా ఉంది' అన్న మాట కంటే ఆ బరువైన పిల్లి తొందరగా అర్థమవుతుంది. అయినా ఆ సీరియల్ పిల్లలకు చూపించదగ్గది కాదు. హైస్కూలు సైన్స్ పుస్తకంలో ఉన్న కౌమారదశ పాఠాన్ని మనం దాటవేయకుండా చెప్తే, వాళ్ళు దాన్ని వెతుక్కోవాల్సిన పని కూడా ఉండదు.

మూడోది, కాలం. బొమ్మలకు వయసు రాదు. బార్ట్ సింప్సన్‌కు 1989లో పదేళ్ళు, ఇప్పుడూ పదేళ్ళే. అందువల్ల ఒక సీరియల్ మూడు దశాబ్దాలకు పైగా నడుస్తుంది. పాత్రలు మారవు, చూసే సమాజం మాత్రం మారిపోతుంది. ఒక తరం నవ్విన జోకు తర్వాతి తరానికి ముల్లులా గుచ్చుకుంటుంది. మన మొదటి ఉదాహరణ అలాంటిదే.

3. మొదటి ఉదాహరణ: అపు యాస

'సింప్సన్స్'లో అపు నహసపీమపెటిలాన్ అనే భారతీయుడు 1990 నుంచి ఉన్నాడు. క్విక్-ఈ-మార్ట్ అనే చిన్న దుకాణం నడుపుతాడు. చాలాకాలం పాటు అమెరికన్ టీవీలో అందరికీ తెలిసిన భారతీయుడు ఇతనొక్కడే. అతనికి గొంతు ఇచ్చింది హాంక్ అజారియా అనే తెల్లజాతి నటుడు. భారతీయ యాసను బాగా సాగదీసి, నవ్వు పుట్టేలా మాట్లాడాడు.

ఆ సీరియల్‌కు న్యాయం చేయాలంటే ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1996లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో ఊళ్ళోకి ఒక ఎలుగుబంటి వస్తుంది. జనం గోల చేస్తే ఎలుగుబంట్లను తరమడానికి గస్తీ పెడతారు. గస్తీ ఖర్చుకు పన్ను వేస్తారు. పన్ను ఎందుకని జనం తిరగబడితే, మేయర్ తెలివిగా తప్పంతా వలస వచ్చినవాళ్ళ మీదికి నెట్టేస్తాడు. వాళ్ళను పంపేయాలని ఓటింగు పెడతారు. అపు భయపడి దొంగ కాగితాలు సంపాదిస్తాడు, తన పద్ధతులన్నీ వదిలేసి అమెరికన్‌లా నటించబోతాడు, మనసొప్పక ఆగిపోతాడు. చివరికి నిజాయితీగా పరీక్ష రాసి పౌరసత్వం పొందుతాడు. ఊరు మాత్రం ఆ ఓటింగును గెలిపించే తీరుతుంది. 1994లో కాలిఫోర్నియాలో వలసదారులకు వ్యతిరేకంగా నిజంగానే ఒక ప్రతిపాదన మీద ఓటింగు జరిగింది. ఆ ఎపిసోడ్ నవ్వు అపు మీద కాదు, ఒక ఎలుగుబంటిని చూసి బెదిరి పక్కింటివాణ్ణి తరిమేయబోయిన ఊరి మీద.

అంటే ఒకే సీరియల్, ఒకే పాత్ర. కథలో గౌరవం, గొంతులో ఎగతాళి. సమస్య ఏమిటంటే కథ ఇరవై రెండు నిమిషాలు కూర్చుని చూసినవాళ్ళకే చేరుతుంది. యాస మాత్రం స్కూలు బస్సు దాకా, క్లాసు దాకా, ఆటస్థలం దాకా వెళ్తుంది.

ఈ సంగతిని గట్టిగా చెప్పింది మన తెలుగు మూలాలున్న మనిషే. హరి కొండబోలు న్యూయార్క్‌లో పెరిగిన స్టాండప్ కమెడియన్. తల్లిదండ్రులు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళినవాళ్ళు. 2017లో ఆయన 'ది ప్రాబ్లమ్ విత్ అపు' అనే డాక్యుమెంటరీ తీశాడు. ఆ సీరియల్ అంటే తనకు ఇష్టమని చెప్తూనే, అపు గొంతుతో తమను ఎలా ఏడిపించారో దక్షిణాసియా మూలాలున్న ఇతర నటులతో కలిసి చెప్పాడు. ఇష్టపడినదాన్ని ప్రశ్నించవచ్చని చూపించడం ఆ సినిమాలో నాకు బాగా నచ్చింది.

2018 ఏప్రిల్‌లో 'సింప్సన్స్' ఒక ఎపిసోడ్‌లో దీనికి జవాబిచ్చింది. ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పయితే ఏం చేస్తాం అన్న అర్థంలో పాత్రలతో రెండు మాటలు చెప్పించి వదిలేసింది. చాలామందికి అది జవాబులా అనిపించలేదు. 2020 జనవరిలో అజారియా ఇక అపుకు గొంతు ఇవ్వనని ప్రకటించాడు. 2021లో ఒక పాడ్‌కాస్ట్‌లో ఆయన చెప్పిన సంగతి ప్రతి టీచరూ వినాల్సినది. తన కొడుకు స్కూల్లో భారతీయ మూలాలున్న పిల్లలతో మాట్లాడితే, వాళ్ళలో పదిహేడేళ్ళ కుర్రాడొకడు 'సింప్సన్స్' ఎప్పుడూ చూడనే లేదట. అయినా 'అపు' అన్న పేరు తనను తిట్టడానికి వాడే మాటగా అతనికి బాగా తెలుసు. సీరియల్ చూడని పిల్లవాడికి కూడా ఆ జోకు వెళ్ళి తగిలింది. అజారియా ఆ సందర్భంలోనే క్షమాపణ చెప్పాడు. 2023లో ఆయనా కొండబోలూ కలిసి కూర్చుని అమెరికా పబ్లిక్ రేడియోలో ఈ విషయం మాట్లాడుకున్నారు.

2020 మే నెలలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత వచ్చిన నిరసనల సమయంలో ఈ ఆలోచన మిగతా సీరియళ్ళకూ పాకింది. 'ఫ్యామిలీ గై'లో క్లీవ్‌లాండ్ అనే నల్లజాతి పాత్రకు గొంతు ఇస్తున్న తెల్లజాతి నటుడు మైక్ హెన్రీ తప్పుకున్నాడు. 'బిగ్ మౌత్'లో మిస్సీ పాత్ర నుంచి జెన్నీ స్లేట్ తప్పుకుంది. శ్వేతజాతేతర పాత్రలకు ఇక తెల్లజాతి నటులతో గొంతు చెప్పించబోమని 'సింప్సన్స్' కూడా ప్రకటించింది.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. మన సినిమాల్లో చాలాకాలం తెలంగాణ యాస రౌడీకో, కమెడియన్‌కో ఇచ్చేవారు. శ్రీకాకుళం యాస వినిపిస్తే పనిమనిషో, అమాయకుడో అనుకునేవాళ్ళం. సీమ యాస అంటే కత్తులు. హీరో హీరోయిన్లు మాత్రం 'మామూలు తెలుగు' మాట్లాడేవారు. 2017లో 'ఫిదా'లో బాన్సువాడ భానుమతి కథకు నాయికగా నిలబడి తన యాసలోనే మాట్లాడితే, అదే యాస ఎంత అందంగా ఉందో అని అందరూ మురిసిపోయారు. యాస మారలేదు. దాన్ని ఎవరి నోట పెట్టారన్నది మారింది.

4. రెండో ఉదాహరణ: బోజాక్ మనసులోని గొంతు

'బోజాక్ హార్స్‌మన్' 2014 నుంచి 2020 దాకా ఆరు సీజన్లు నడిచింది. సృష్టికర్త రఫాయెల్ బాబ్-వాక్స్‌బర్గ్. ఒకప్పుడు టీవీలో వెలిగిన నటుడు, ఇప్పుడు పెద్ద ఇంట్లో ఒంటరిగా తాగుతూ బతికే గుర్రం మనిషి. మొదట్లో ఇది మామూలు వెటకారంలా ఉంటుంది. పోనుపోను డిప్రెషన్, తాగుడు, ఒక తరం నుంచి ఇంకో తరానికి దిగే ఇంటి గాయాల గురించి అని తెలుస్తుంది.

2017లో వచ్చిన నాలుగో సీజన్‌లో ఒక ఎపిసోడ్ ఉంది. బోజాక్ పొద్దున లేచిన దగ్గర్నుంచి మనసులో ఒక గొంతు అతన్ని తిడుతూనే ఉంటుంది. బిస్కెట్టు తిన్నా తప్పే, తినకపోయినా తప్పే. ఆ ఆలోచనలు నడిచేటప్పుడు శుభ్రమైన బొమ్మలు పోయి పిచ్చిగీతలు వస్తాయి. కొంతసేపు మనకు నవ్వొస్తుంది, ఎందుకంటే ఆ గొంతు మనకూ కొంచెం పరిచయమే. చివర్లో ఇంట్లో ఉంటున్న టీనేజీ అమ్మాయి అతన్ని అడుగుతుంది: తన మనసులో కూడా అలాంటి గొంతు ఉందనీ, పెద్దయ్యాక అది పోతుందా అనీ. అతను పోతుందనే చెప్తాడు. అది నిజం కాదని చూసేవాళ్ళకు తెలుసు. నవ్వు అక్కడ ఆగిపోతుంది.

అదే సీజన్‌లో మతిమరుపు వ్యాధితో ఉన్న అతని తల్లి జ్ఞాపకాల్లోంచి కథ నడుస్తుంది. ఆమెకు గుర్తులేని మనుషులకు ముఖాలు ఉండవు. ఇంట్లో అలాంటి అమ్మమ్మో తాతయ్యో ఉన్నవాళ్ళకు ఆ ఖాళీ ముఖాలు ఏమిటో చెప్పక్కర్లేదు.

ఈ సీరియల్ జబ్బుపడ్డ మనిషిని చూసి నవ్వమనదు. అలాగని జబ్బు పేరు చెప్పి అతని తప్పులను మాఫీ చేయదు. బాధపడేవాడు కూడా పక్కవాళ్ళను బాధపెట్టగలడు, దానికి అతనే జవాబు చెప్పుకోవాలి అంటుంది. పెద్దల హాస్యం ఇంత బరువు మోయగలదని దీన్ని చూస్తే తెలుస్తుంది. ఇందులోనూ ఒక లోపం ఉంది. డయాన్ అనే వియత్నామీస్-అమెరికన్ పాత్రకు తెల్లజాతి నటి అలిసన్ బ్రీ గొంతు ఇచ్చింది. ఆ ఎంపిక సరికాదని తర్వాత సృష్టికర్తే ఒప్పుకున్నాడు.

5. మూడో ఉదాహరణ: 'అందరినీ సమానంగా ఏడిపిస్తాం'

'సౌత్ పార్క్' సృష్టికర్తలు ట్రే పార్కర్, మాట్ స్టోన్. ఒక్కో ఎపిసోడ్‌ను సుమారు వారం రోజుల్లో తయారు చేస్తారు కాబట్టి, పేపర్లో వచ్చిన వార్త వెంటనే బొమ్మల్లోకి వస్తుంది. పార్టీలు, మతాలు, సినిమా తారలు, ఎవరినీ వదలరు. ఆ సీరియల్‌ను సమర్థించేవాళ్ళు చెప్పేది ఇదే: అందరినీ ఏడిపిస్తున్నప్పుడు వివక్ష ఎక్కడుంది?

వాదన బాగానే ఉంది, కానీ పూర్తి కాదు. మన సామెతే దీనికి జవాబు: పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఒకే రాయి చెరువులో వేస్తే అల లేస్తుంది, కుండ మీద వేస్తే కుండ పగులుతుంది. దేశాధినేతను వెక్కిరించడం, క్లాసులో ఒంటరిగా ఉన్న పిల్లవాణ్ణి వెక్కిరించడం ఒకటి కావు.

మరో కోణం కూడా చూడండి. 2006లో ఈ సీరియల్ అల్ గోర్‌ను, వాతావరణ మార్పు గురించి ఆయన చేసే హెచ్చరికలను వెక్కిరించింది. ఆ ప్రమాదాన్ని సగం మనిషి, సగం ఎలుగు, సగం పంది అయిన ఒక లేని భూతంగా చూపించింది. 2018లో అదే సీరియల్‌లో ఆ భూతం నిజంగా ఊరి మీద పడుతుంది. పిల్లలు గోర్ దగ్గరికి వెళ్ళి, మీరు చెప్పింది నిజమే అని ఒప్పుకుంటారు. పన్నెండేళ్ళ తర్వాత తన జోకును తానే సరిదిద్దుకుంది. కానీ మొదటి జోకు విని నవ్వినవాళ్ళంతా రెండోది చూశారా? చూసి ఉండరు.

6. మూడు ప్రశ్నలు

ఇంగ్లిష్ క్లాసులో వ్యంగ్యరచన చెప్పేటప్పుడు మేం పిల్లలతో మూడు ప్రశ్నలు వేయిస్తాం. ఇవి కార్టూన్లకూ, సినిమాలకూ, రీళ్ళకూ పనికొస్తాయి.

మొదటి ప్రశ్న: నవ్వు ఎవరి మీద? బలమున్నవాడి మీదా, లేనివాడి మీదా? చేసిన పని మీదా, పుట్టుకతో వచ్చినదాని మీదా?

రెండో ప్రశ్న: ఆ మనిషికి జోకు కాకుండా ఇంకేమైనా కథ ఉందా? అతనికో ఇల్లు, ఒక భయం, ఒక కోరిక ఉన్నాయా, లేక యాస ఒక్కటే ఉందా?

మూడో ప్రశ్న: నవ్వాక ఏం మిగిలింది? ఒక కొత్త సంగతి తెలిసిందా, లేక ఒకరిని పిలవడానికి కొత్త వెక్కిరింపు పేరు దొరికిందా?

మన సాహిత్యంలో ఈ మూడు ప్రశ్నలకు నిలబడే గొప్ప ఉదాహరణ గురజాడ 'కన్యాశుల్కం'. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. డబ్బు పుచ్చుకుని చిన్నపిల్లను ముసలివాడికి కట్టబెట్టడం కంటే సున్నితమైన విషయం ఏముంటుంది? అయినా నాటకం ఆసాంతం నవ్విస్తుంది. నవ్వు గిరీశం బడాయి మీద, అగ్నిహోత్రావధానులు మొండితనం మీద, లుబ్ధావధాన్లు ఆశ మీద. అమ్ముడుపోబోతున్న సుబ్బి మీద కాదు. నవ్వి ఇంటికెళ్ళినవాడికి మిగిలేది ఆ దురాచారం మీద అసహ్యం.

ఇవే ప్రశ్నలు అపుకు వేయండి. అతనికి కథ ఉంది, కానీ యాస మీద నవ్వు అతని పుట్టుక మీద నవ్వు. మిగిలింది ఒక వెక్కిరింపు పేరు. బోజాక్‌కు వేయండి. నవ్వు అతను తనకు తాను చెప్పుకునే సాకుల మీద. మిగిలేది, పక్కన అలాంటి మనిషి ఉంటే కాస్త ఆగి వినాలన్న ఆలోచన.

7. ఇంట్లో చేయదగ్గవి

• రేటింగు చూడండి. మన దేశంలో 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలు ప్రతి కార్యక్రమానికీ యూ, యూ/ఏ 7+, యూ/ఏ 13+, యూ/ఏ 16+, ఏ అనే ఐదు గుర్తుల్లో ఒకటి చూపించాలి. హింస, బూతు మాటలు, మత్తు పదార్థాలు ఉంటే ఆ సంగతీ అక్కడే రాయాలి. యూ/ఏ 13+ నుంచి పైవాటికి పేరెంటల్ లాక్ ఉండాలి. అది బొమ్మల సీరియల్ అయినా ఇదే నియమం.

• పిల్లలకు విడిగా ప్రొఫైల్ పెట్టి, మీ ప్రొఫైల్‌కు పిన్ పెట్టండి. పిన్ పుట్టినతేదీ కాకుండా చూసుకోండి. అది వాళ్ళకు మనకంటే బాగా తెలుసు.

• క్లిప్పుల సంగతి వేరు. రీళ్ళలో, వాట్సాప్ స్టేటస్‌లలో తిరిగే ముక్కలకు రేటింగు గుర్తు ఉండదు, ముందూ వెనకా కథ ఉండదు. అందుకే తాళం ఒక్కటే చాలదు, మాట కూడా కావాలి.

• ఫోను లాక్కోవడం కంటే పక్కన కూర్చోవడం మేలు. లాక్కుంటే చూడటం ఆగదు, మీకు చెప్పడం ఆగుతుంది.

మాట ఎలా నడపవచ్చో చూపించడానికి ఏడో తరగతి అబ్బాయి, వాళ్ళమ్మ మధ్య ఒక ఊహా సంభాషణ ఇది.

"అమ్మా, ఇది చూడు, భలే ఉంది!"

"ఏదీ, ఇలా తే. ... ఇందులో నీకు దేనికి నవ్వొచ్చింది నాన్నా?"

"ఆ అంకుల్ మాట్లాడుతున్నాడు చూడు, దానికి."

"ఏం మాట్లాడాడు?"

"ఏమో. ఆ మాట్లాడే తీరుకి."

"మొన్న బ్యాంకులో తాతయ్య ఇంగ్లిష్‌లో అడుగుతుంటే కౌంటర్లో వాళ్ళు ఇలాగే నవ్వితే?"

"అది వేరమ్మా."

"ఎలా వేరో చెప్పు."

"తాతయ్య మనకు తెలుసు కదా."

ఇక్కడితో ఆపేయండి. ఉపన్యాసం అక్కర్లేదు. తెలిసిన మనిషి మీద అలా నవ్వలేమని పిల్లవాడే చెప్పాడు. ఆ క్లిప్పులోని మనిషి కూడా ఎవరికో తాతయ్యే అన్న సంగతి రెండు రోజుల్లో తనంతట తనకే తడుతుంది. తట్టకపోతే మరోసారి అడగవచ్చు.

ఒకవేళ మీ పాపనో బాబునో క్లాసులో యాస పట్టుకుని ఏడిపిస్తున్నారని తెలిస్తే, 'పట్టించుకోకు' అని సర్దిచెప్పి వదిలేయకండి. 'నువ్వూ తిరిగి అను' అని కూడా చెప్పకండి. క్లాస్ టీచర్‌కు డైరీలో రెండు వాక్యాలు రాయండి, చాలు. ఏడిపిస్తున్నది మీ పిల్లలే అని మేం ఫోన్ చేస్తే, దయచేసి 'సరదాకి అన్నాడు మేడం' అనకండి. సరదా ఎవరికి అన్నది చూసుకుందాం.

ఈ నెల ఇంటి అభ్యాసం (6 నుంచి 10వ తరగతి వరకు)

1. ఆదివారం ఇంట్లో అందరూ కలిసి వయసుకు తగిన ఒక కామెడీ సీను చూడండి. తెలుగు సినిమా అయినా సరే, కార్టూన్ అయినా సరే.

2. పై మూడు ప్రశ్నలకు పిల్లలు ఒక్కో వాక్యం చొప్పున జవాబు రాయాలి. ఇంగ్లిష్‌లోనో తెలుగులోనో, వాళ్ళ ఇష్టం. స్పెల్లింగులు దిద్దకండి.

3. అదే సీనును నవ్వు తగ్గకుండా, అందులో దెబ్బతిన్న మనిషి మీద కాకుండా ఇంకొకరి మీద నవ్వు వచ్చేలా నాలుగు డైలాగుల్లో తిరిగి రాయమనండి. ఇది కాస్త కష్టం. అమ్మానాన్నలు సాయం చేయవచ్చు.

4. ఇంట్లో ఎవరైనా ఏ ఊరి యాస మాట్లాడతారో వాళ్ళను ఆ యాసలోనే ఒక చిన్న కథ చెప్పమని, పిల్లలు విని క్లాసులో అదే యాసలో చెప్పాలి. ఈసారి వెక్కిరింపుగా కాదు, కథగా.

రాసినవి నెలాఖరులోగా క్లాస్ టీచర్‌కు పంపితే, బాగున్నవి తర్వాతి సంచికలో పిల్లల పేజీలో వేస్తాం.


ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం